మొగ దగ్గర గుంజ

పోయిన ఆదివారం నన్ను ఉపన్యాసానికి పిలిచారు. సముద్రపు ఒడ్డున మడ మొక్కలు నాటే కార్యక్రమమట. సైన్సు టీచర్ని కాబట్టి "మొగలను ఎందుకు కాపాడుకోవాలి" అని పది నిమిషాలు మాట్లాడాలట. మొగ అంటే ఏరో కాలవో సముద్రంలో కలిసే చోటు. మా హెడ్మాస్టరు గారు ఫోన్లో, "మేడమ్, మీకు ఆ వైపు బాగా తెలుసంట కదండీ" అన్నారు. తెలుసు. ఎంత బాగా తెలుసో ఆయనకు తెలిస్తే నన్ను పిలిచి ఉండేవారు కాదు.

వాడరేవులో ఆదివారం జనాన్ని దాటి, ఇంకా కిందికి, రొయ్యల చెరువుల గట్ల మీదుగా కారు వెళ్ళింది. అద్దాలు బిగించి ఉన్నా కంపు లోపలికి వచ్చేసింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, మురిగిన మేత వాసన, దాని మీద డీజిలు. డ్రైవరు కుర్రాడు ముక్కు మూసుకుని, "ఈ ఊళ్ళో మనుషులు ఎట్టా ఉంటారండీ" అన్నాడు. నేనూ అప్పటికే చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాను.

దిగి చూస్తే షామియానా, ఫ్లెక్సీ, కుర్చీలు, నీళ్ళ సీసాల పెట్టెలు. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు పొడి ఇసుకలో గుంటలు తీసి మొక్కలు పెడుతున్నారు. కొన్నిటికి నల్ల ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నీళ్ళు అక్కడికి చాలా దూరంలో ఉన్నాయి. నీళ్ళని అనడానికి కూడా నోరు రాదు. మొగకు అడ్డంగా ఇసుక మేట వేసి, లోపల నల్లటి మడుగు నిలిచిపోయింది. దాని మీద పొట్టలు తెల్లగా పైకి తేలిన చేపలు, మధ్య మధ్య చెప్పులు, మందు సీసాలు.

"బాబూ, ఇక్కడికి పోటు రాదు. మడ మొక్కకి రోజూ ఉప్పునీళ్ళు తగిలి వెళ్ళాలి. ఇవి వారం రోజులు కూడా బతకవు" అన్నాను అక్కడ పెత్తనం చేస్తున్న యువకుడితో.

"తెలుసు మేడమ్. కిందికి దిగితే బురద కదా, షూస్ పాడైపోతాయి. ఫొటోలో వెనకాల నీళ్ళు కనపడతన్నాయిలెండి" అన్నాడు నవ్వుతూ.

ఇంతలో వేదిక మీద కూర్చున్న పెద్దమనుషులకు రొయ్యల బిర్యానీ పొట్లాలు వచ్చాయి. ఆ కంపులో, ఆ మడుగు ముందు కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. మైకు నా చేతికి వచ్చింది. "మొగలను కాపాడుకుందాం, నమస్కారం" అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. నా మీద నాకే రోత పుట్టింది. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది పత్తి, మిరప పండే నల్లరేగడి ఊరు. ఊరంతా పొలాలున్నవాళ్ళే గానీ మాకు సెంటు భూమి లేదు. నాన్న దూది ఏకి పరుపులు, దిళ్ళు కుట్టేవాడు. తలుపంత పొడుగు విల్లు, దాని తీగ మీద కొయ్య గుండుతో కొడుతుంటే టంగ్ టంగుమని మోగేది. ఊళ్ళో ఆయన్ని అందరూ పరుపుల సాయిబు అనేవాళ్ళు. మేము నమాజు అరబ్బీలో చేసినా, మా ఇంట్లో మాటలూ తిట్లూ లాలిపాటలూ అన్నీ తెలుగే.

ఎండాకాలం వచ్చేసరికి ఊళ్ళో కల్లాల నిండా మిరపకాయలు ఎండబోసేవాళ్ళు. గాలి తిరిగితే చాలు, ఊరు ఊరంతా దగ్గేది. ఆ రోజుల్లో నాన్న విల్లును గోనెపట్టాలో చుట్టి, చేతి కుట్టుమిషనూ, అమ్మడానికి దోమతెరల మూటా కట్టుకుని, బస్సు టాపు మీద వేసి, పైన చెప్పిన మొగ పక్కనే ఉన్న సముద్రపు పల్లెకు బయలుదేరేవాడు. ఉప్పు గాలికి అక్కడి దిళ్ళలో దూది చెమ్మెక్కి గడ్డలు కట్టేది. ఏటా ఏకి మళ్ళీ కుట్టాలి. కూలిలో సగం ఎండు చేపలు ఇచ్చేవాళ్ళు. మా ఊరి ఎండు మిరపకాయలు ఒక బస్తా నాన్న వాళ్ళకు తీసుకెళ్ళేవాడు. బడి సెలవులు కాబట్టి అమ్మా నేనూ కూడా వెంట వెళ్ళేవాళ్ళం, ఇరవై రోజులు అక్కడే.

బస్సు దిగి ఇసుకలో నడుస్తుంటే ముందు ఎండుచేపల వాసన వచ్చేది. తాటాకు చాపల మీద నెత్తళ్ళు తళతళా ఎండుతుండేవి. దానిలో తారు పూసిన పడవల వాసన, మడ చెట్ల బెరడు ఉడకబెట్టి వలలకు రంగు పట్టించే వాసన కలిసేవి. అమ్మ మొదటి రోజు ముక్కు ఎగబీల్చి, "అబ్బ, కంపు" అనేది. మూడో రోజుకు ఆ వాసన లేకపోతే అన్నం దిగేది కాదు. అది కంపు కాదని అప్పుడే తెలిసింది. నిన్నకాక మొన్న నేను పీల్చినదే కంపు.

మాకు బస ఇచ్చేది ఒక అవ్వ. ఆమె పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పల్లె మొత్తం అవ్వ అనే పిలిచేది. మొగుడు సముద్రంలో పోయాడు. కొడుకు పడవ మీద వెళ్ళేవాడు, కోడలు చేపలు ఎండబెట్టేది. అవ్వ మాత్రం ఎవరి మీదా ఆధారపడేది కాదు. పొద్దున పాటుకు నీళ్ళు వెనక్కి తీయగానే నడుముకు తాటాకు బుట్ట కట్టుకుని మొగకు ఎగువన కాలవలో మోకాటి లోతు బురదలోకి దిగేది. వంగి, రెండు చేతులూ బురదలో పెట్టి తడుముకుంటూ వెళ్ళేది. రొయ్య తగిలితే రొయ్య, పీత తగిలితే పీత. చేతులే ఆమె వల. మండపీతను వెనక నుంచి పట్టే పద్ధతి నాకు నేర్పింది. నేను ఒకసారి ఒక చిన్నదాన్ని పట్టి మా చిన్నమామ చెప్పులో పెట్టాను. మా చిన్నమామ అంటే అమ్మ తమ్ముడు, అప్పుడప్పుడు మమ్మల్ని చూడటానికి వచ్చేవాడు. కాలు పెట్టి ఎగిరిన ఎగురుడికి పల్లె అంతా నవ్వింది.

అవ్వ తెచ్చిన పచ్చిరొయ్యలు అమ్మ చింతచిగురు వేసి వండేది. మా ఊరి మిరపకాయల కారంతో అవ్వ పీతల పులుసు పెట్టేది. నాన్న ముక్కు కారుతున్నా ఆపకుండా తినేవాడు. "ఏం సాయిబూ, కళ్ళల్లో నీళ్ళొస్తన్నాయే? మీ ఊరి కాయలేగా!" అని అవ్వ ఎగతాళి చేసేది.

మొగలోకి వచ్చే కాలవ మా ఊరి వైపు నుంచే వచ్చేది. మా పత్తిచేల మీద, మిరపతోటల మీద పడిన వాన అంతా మురుగు కాలవల్లో పారి, పారి, చివరికి అవ్వ గుడిసె ముందు సముద్రంలో కలిసేది. నాకు ఆ సంగతి అవ్వ చెబితేనే తెలిసింది.

ఒకరోజు ఆమె నాన్నను అడిగింది. "సాయిబూ, మీ ఊళ్ళో ఏం మందు కొడతన్నారు? కాలవ నీళ్ళు నురగ కడతన్నాయి."

"పత్తికి తెల్లదోమ పట్టిందమ్మా. దానికి కొడతన్నారు."

"మీ దోమ సచ్చిద్దో లేదో గానీ, ఈడ మా జెల్ల చేపలు సస్తన్నాయి" అంది అవ్వ. నాన్న తల వంచుకుని దూది ఏకుతూ కూర్చున్నాడు. మా ఊళ్ళో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు.

సాయంత్రాలు ముసలివాళ్ళు పడవ నీడన కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళు పాత గాలివాన సంగతి ఎన్నిసార్లు చెప్పినా నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. పక్క పల్లె ఒక్క పూటలో ఇసుకలో కలిసిపోయిందట. ఈ పల్లె మాత్రం నిలిచింది. "మడ చెట్లు అడ్డం ఉండబట్టే బతికాం. మా మీదకీ నీళ్ళు వచ్చినాయి. కానీ పరిగెత్తుకుంటా రాలా, నడుచుకుంటా వచ్చినాయి" అనేది అవ్వ. నేను తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ మడ అడవి గురించి ఇంతకంటే బాగా రాయలేదు.

నేను మూడేళ్ళు వరసగా ఆమె వెంట పడి ప్రశ్నలతో చంపాను. ఈ నీళ్ళు సగం తియ్యగా సగం ఉప్పగా ఎందుకున్నాయి? ఈ చెట్ల వేళ్ళు పైకి ఎందుకు వచ్చాయి? ఆమె విసుక్కోలేదు. ఒకరోజు పోటు ఎక్కుతున్నప్పుడు నన్ను చీలమండల లోతు నీళ్ళలో నిలబెట్టి, దోసిలి పట్టమంది. పట్టాను. అరచేతిలో ఏమీ కనపడలేదు, చక్కిలిగింతలు మాత్రం పెట్టాయి. కళ్ళు చికిలించి చూస్తే, గాజు ముక్కల్లాంటి పిల్లలు. ఒక్కోదానికి రెండు నల్లటి చుక్కలు, అవి కళ్ళు.

"రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల, పీత పిల్ల, అన్నీ ఉండాయి. సముద్రంలో పుడతాయి. ఆడ ఉంటే పెద్ద చేపలు మింగుతాయని పోటు మీద ఎక్కి ఈడికి వస్తాయి. ఈ వేళ్ళ సందున తిని, పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. పెద్ద పడవలోళ్ళు ఎక్కడో పట్టే చేపకి కూడా పుట్టిల్లు ఇదే. ఇక్కడ పిల్లని చంపితే సముద్రంలో చేప ఎక్కడి నుంచి వచ్చిద్ది?"

అందుకే వాళ్ళకు ఒక ఆచారం ఉండేది. ఉగాది వెళ్ళాక వచ్చే అమావాస్య పోటుకు మొగ నోట్లో ఒక సరుగుడు గుంజ పాతేవాళ్ళు. దానికి పసుపు పూసి, వేపమండలు కట్టేవాళ్ళు. ఆ గుంజ ఉన్నన్నాళ్ళు మొగలో ఎవరూ వల వేయకూడదు. అవ్వ కూడా ఆ రోజుల్లో పైన కాలవ వైపు వెళ్ళి తడుముకునేదే గానీ మొగ నోటికి వచ్చేది కాదు. రెండు అమావాస్యలు గడిచాక పెద్దలు పూజ చేసి గుంజ తీసేవాళ్ళు.

"ఎవరైనా ముందే పీకితే?" అని అడిగాను.

"ఎవురు పీకుతారు? చెయ్యి పడిపోదూ!" అంది అవ్వ. మళ్ళీ తనే, "పోటు దెబ్బకి గుంజ దానంతటదే కొట్టుకుపోయిందనుకో, అప్పుడు గంగమ్మే సెలవిచ్చినట్టు. వలలు వేసుకోవచ్చు. నా ఎరికలో ఒక్కసారే అట్టా అయింది" అంది.

నేను ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే బాగుండేది.

నా అయిదో తరగతి అయిపోయిన వేసవి, మేము వెళ్ళిన రోజే నాన్న తీసుకెళ్ళిన దోమతెరలన్నీ ఒక్క పూటలో అమ్ముడైపోయాయి. ఆడవాళ్ళు పోటీపడి లాక్కున్నారు. నాన్న సంబరం చూడాలి! "ఈ ఏడు దోమలు బాగా ఉన్నట్టున్నాయే" అన్నాడు అమ్మతో.

"మనల్ని ఒక్కటి కూడా కుట్టలా మరి" అంది అమ్మ.

మర్నాడు తెలిసింది. అవ్వ కోడలే ఒక దోమతెరను అడ్డంగా కత్తిరించి తీసుకొచ్చింది. "సాయిబన్నా, దీన్ని సంచి మాదిరి కుట్టి పెట్టు. నోరు ఎడల్పుగా, తోక సన్నగా" అంది. నాన్న ఆ గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి దాని కన్ను చూశాడు. అంత సన్నటి కన్ను ఉన్న వలలో ఏం పడుతుందో ఏటా ఆ పల్లెకు వస్తున్న మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా మిషను ముందు కూర్చుని కుట్టాడు. ఆ ఒక్కటే కాదు, వచ్చినవన్నీ కుట్టాడు. నాన్న మంచివాడు. మంచివాళ్ళు ఇలాంటి పనులు తల వంచుకుని చేస్తారు. అది కూడా నాకు అసహ్యమే.

సంగతేమిటంటే, పైన కొత్తగా రొయ్యల చెరువులు తవ్వారు. వాటిలో వదలడానికి టైగర్ రొయ్య పిల్లలు కావాలి. సీడు అనేవాళ్ళు. ఆ సీడు కొనే ఏజెంటును వెంటబెట్టుకుని పల్లెకు వచ్చింది ఎవరో కాదు, మా చిన్నమామ. జేబులో దువ్వెన, చేతికి గడియారం, మాటకు ముందు నవ్వు. వలలు తయారయ్యాయి, బేసిన్లు తయారయ్యాయి, పల్లె అంతా తయారైంది. కానీ మొగలో గుంజ ఉంది.

"గుంజ తియ్యనియ్యండి, పెద్దాయనా" అని ఏజెంటు బతిమాలాడు.

"ఇంకా నెల ఉందండి" అన్నారు పెద్దలు. అన్నారే గానీ ఆ గొంతులో గట్టిదనం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ ఒక్కతే లేచి, "నెల అంటే నెలే" అని వెళ్ళిపోయింది. మూడు రోజులు అలా గడిచాయి.

మూడో రోజు అన్నాల దగ్గర చిన్నమామ చిరాకు పడుతూ, "ఒక కొయ్య ముక్కకి భయపడి చస్తన్నారక్కా ఈళ్ళు" అన్నాడు అమ్మతో. నాకు తెలిసిన విషయం ఆయనకు తెలియదని నాకెంత గర్వమో! "దానంతటదే కొట్టుకుపోతే వలలు వేసుకోవచ్చు మామా, గంగమ్మ సెలవిచ్చినట్టట" అన్నాను. చిన్నమామ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. నా పళ్ళెంలో ఇంకో రొయ్య వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పల్లె అంతా కునుకు తీస్తోంది. చిన్నమామ నన్ను మడ చెట్ల వెనక్కు తీసుకెళ్ళాడు. "ఏమే, నీకు ఆ గుంజ దాకా పోయే ధైర్యం ఉందా?" అన్నాడు.

"ఉంది. కానీ చెయ్యి పడిపోతుందంట."

"వాళ్ళకే. మనకేం దోషం అంటదు. మనం వేరే ఊరోళ్ళం, వేరే వాళ్ళం. పీకి నీళ్ళల్లో వదిలేసిరా. రంగు సోడా కొనిపెడతా."

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను రెండోసారి ఆలోచించలేదు. భయం కూడా వేయలేదు. పీతను చెప్పులో పెట్టినంత సరదాగానే ఉంది. చిన్నమామ గట్టున కూర్చున్నాడు. పాటుకు నీళ్ళు తీసి ఉన్నాయి, బురద బయటపడి ఉంది. చెప్పులతోనే దిగాను. ఎండకు బురద కాలుతోంది. గుంజను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాను. పసుపు అరచేతులకు అంటింది. చాలాసేపు రాలేదు, ఒక్కసారిగా వచ్చేసి వెనక్కి పడ్డాను. దాన్ని ఈడ్చుకెళ్ళి పారే నీళ్ళలో వదిలాను. వేపమండలతో సహా మెల్లగా సముద్రం వైపు వెళ్ళిపోయింది. సోడా తాగాను. నాలుక ఎర్రగా అయితే అమ్మకు చూపించాను.

పోటు ఎక్కే వేళకు ఎవరో కేక పెట్టారు. "గుంజ పోయిందిరోయ్!"

పల్లె అంతా ఒడ్డుకు పరిగెత్తింది. "గంగమ్మ సెలవిచ్చింది" అని ఒక పెద్దాయన చేతులు జోడించాడు. సముద్రం అంత నిమ్మళంగా ఉన్న రోజున పోటు దెబ్బ ఎక్కడిదని ఎవరికీ అనుమానం రాలేదు, రానివ్వలేదు. అవ్వ పైన కాలవ నుంచి అప్పుడే తిరిగి వచ్చింది. బుట్ట నడుముకే ఉంది. నీళ్ళు ఇంకా గుంజ పీకిన గుంట దాకా రాలేదు. ఆ గుంట దగ్గర నిలబడి కిందికి చూసింది. ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ పోటుకే వలలు దిగాయి. మొగ నోటికి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి, నాన్న కుట్టిన తెల్ల సంచులు. వాటిలో పడినదాన్ని నీళ్ళతో సహా బేసిన్లలో పోసి, అందులోంచి తెల్ల పింగాణీ పళ్ళేల్లోకి కొంచెం కొంచెం వంచేవాళ్ళు. పిల్లలందరం చుట్టూ గొంతుక్కూర్చుని ఆల్చిప్పలతో ఏరేవాళ్ళం. వెంట్రుకంత ఒళ్ళు, పొడుగునా ఎర్రటి గీత ఉంటే టైగర్ పిల్ల, అది కుండలోకి. గీత లేనిది పనికిరాదు. పనికిరానిదంతా వెనక్కి, ఇసుకలోకి విసిరెయ్యడమే. ఒక పళ్ళెం మొత్తం వెతికితే రెండో మూడో దొరికేవి. మిగతా పళ్ళెం పండుగప్ప పిల్లలు, పీత పిల్లలు, వేరే రొయ్యలు, నేను పేరు ఎరగనివి. అవి ఇసుక మీద కాసేపు చిటపటా ఎగిరేవి. తర్వాత ఊరుకునేవి.

నేను బాగా ఏరేదాన్ని. నా కళ్ళు చురుకని ఏజెంటు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసం ఇంకా వేగంగా ఏరాను, ఇంకా వేగంగా విసిరాను. నా వెనక ఏం పోగవుతోందో చూడాలనే అనిపించలేదు.

రెండో రోజుకు ఆ కుప్ప మోకాలెత్తు అయింది. మొదట కాకులు వచ్చాయి, కొంగలు వచ్చాయి. తర్వాత వాటికే మొహం మొత్తి రావడం మానేశాయి. ఎండకు కుప్ప జిగురుగా, బూడిద రంగుగా మారి, లోపల నుంచి బుడగలు వచ్చాయి. ఆ కంపు ఎండుచేపల వాసన కాదు. అది పుండు వాసన. ఇళ్ళలోకి వచ్చింది, నాన్న ఏకే దూదిలోకి వచ్చింది. అమ్మ నా చేతులను చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది. పోలేదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఆ వేళ్ళ వాసనకే వాంతి అయింది. నాన్న చూసి బయటికి వెళ్ళిపోయాడు.

అవ్వ అరవలేదు, శాపాలు పెట్టలేదు. బుట్ట తెచ్చుకుని, ఆ కుప్పను రెండు చేతులా ఎత్తి బుట్టలో వేసుకుని, నీళ్ళ దాకా నడిచి, వంచి వచ్చేది. మళ్ళీ ఎత్తేది. నీళ్ళ మీద అవి తెల్లగా తేలుతుండేవి.

కోడలికి సిగ్గేసినట్టుంది. "అత్తా, సచ్చినయ్యి ఎందుకే ఎత్తిపోస్తావ్?" అంది.

"ఇసిరేసేటప్పుడు సచ్చినయ్యో బతికినయ్యో నువ్వు చూసినావా?" అంది అవ్వ. నా పక్క నుంచే నాలుగుసార్లు వెళ్ళింది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఆ వేసవి తర్వాత నాన్న ఆ పల్లెకు వెళ్ళలేదు. మనసొప్పక అని చెప్పుకునేవాడు. అసలు సంగతి, పల్లెలోకి ఫోము పరుపులు వచ్చాయి. మొగ చుట్టూ మడ చెట్లను పొక్లెయిన్లతో పెరికేసి, అక్కడ కూడా చెరువులు తవ్వారు. ఒకదానిలో మా చిన్నమామకు వాటా. చెరువుల గట్లు కాలవను నొక్కేశాయి. కాలవలో పారుదల తగ్గి మొగకు ఇసుక అడ్డం పడింది. పల్లె బావిలో నీళ్ళు ఉప్పగా మారాయి. చెరువుల మురుగు మళ్ళీ మడుగులోకే వదిలారు, ఆ నీళ్ళే మళ్ళీ చెరువుల్లోకి తోడారు. నాలుగు పంటలకే రొయ్యలకు తెల్లమచ్చల జబ్బు వచ్చి చెరువులకు చెరువులు చచ్చాయి. తమ పెంటలో తామే మునిగారు. చిన్నమామ మాత్రం మునగలేదు, ఆ ముందు ఏడే వాటా అమ్మేసుకున్నాడు. ఇవన్నీ ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చుని, నవ్వుతూ చెప్పాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మిరప కోతలకు ట్రాక్టర్లో కూలీలు దిగారు. ఎక్కడివాళ్ళని అడిగితే, సముద్రం వైపు వాళ్ళన్నారు. సముద్రం వైపు వాళ్ళు మిరపకాయలు కోయడం ఏమిటని మా ఊళ్ళో వింతగా చెప్పుకున్నారు. బడి నుంచి వస్తుంటే దారి పక్క చేలో, సాలు మధ్య వంగి ఉన్న ఒక నడుమును చూసి ఆగిపోయాను. మొహం కనపడకపోయినా తెలిసింది. ఆ వంగడం నాకు తెలుసు.

సాయంత్రం అమ్మ ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. ఏళ్ళ తరబడి ఉప్పు బురదలో నాని, పగిలి, చీలికలు పడిన చేతులవి. ఆ చీలికల్లోకి మిరప ఘాటు దిగింది. రెండు చేతులూ ఎర్రగా వాచి ఉన్నాయి, వేళ్ళు ముడవలేకపోతోంది. అమ్మ సత్తు గిన్నెలో మజ్జిగ పోసి, అందులో చేతులు ముంచుకోమంది. అవ్వ అరుగు మీద కూర్చుని ముంచుకుంది. అమ్మ అన్నం కలపడానికి లోపలికి వెళ్ళింది. నేనూ అవ్వా మిగిలాం.

"మొగలో ఇప్పుడు ఏమీ దొరకట్లేదా అవ్వా?" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఉండదు.

"తడివితే ప్లాస్టిక్ కవర్లు తగులుతున్నాయి. కాళ్ళకి కురుపులు లేస్తన్నాయి. మానేసినా" అంది.

నాకు ఏడుపు వచ్చింది. నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. "అవ్వా, ఆ గుంజ దానంతటది పోలేదు."

"తెలుసు. ఆ పొద్దే చూసినా. బురదలో చెప్పుల గుర్తులు. చిన్నయ్యి. మా పల్లెలో చెప్పులేసుకుని బురదలో దిగే పిల్లెవరుంది?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పేది? అప్పటికే అందరి చేతుల్లో వలలుండాయి. మావోళ్ళకి ఒక సాకు కావాల. నువ్వు ఇచ్చినావు."

"మా మామ పీకమన్నాడు అవ్వా."

"మీ మామ గట్టు దిగలా, ఆయన అడుగు ఆడ లేదు. బురదలో దిగింది నువ్వు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఎలాగైనా ఆమె నోటి వెంట ఒక మాట అనిపించుకోవాలని, ఏడుస్తూ, "నాకు తెలియదు అవ్వా, అప్పుడు చిన్నదాన్ని" అన్నాను. పోనీలే తల్లీ, చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటుందని ఎదురుచూశాను.

అవ్వ మజ్జిగలోంచి చేతులు తీసి, నా వైపు తిరిగి చూసింది.

"తెలియదా? ఆ పల్లెలో ఎవురి పిల్లా నన్ను అడగలా. నువ్వు అడిగినావు. నిన్ను నీళ్ళల్లో నిలబెట్టి, దోసిట్లో పట్టి మరీ చూపించినా గదా."

లోపల నుంచి అమ్మ అన్నం పళ్ళెం తెచ్చింది. అవ్వ చేత్తో తినలేకపోతే అమ్మే ముద్దలు కలిపి పెట్టింది. పొద్దున్నే మేస్త్రీ కేకేస్తే మళ్ళీ చేలోకి వెళ్ళింది. కోతలయ్యాక ట్రాక్టర్ ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఆమెను మళ్ళీ చూడలేదు.

ఆ మొగను చంపిన వాళ్ళు చాలామంది. అందులో మా నాన్న ఉన్నాడు, మా మామ ఉన్నాడు, మందు కొట్టిన మా ఊరు ఉంది, వలలు వేసిన ఆ పల్లె ఉంది. ఎవరిని కదిపినా తెలియక చేశామంటారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు కూడా. నాకు మాత్రం ఆ మాట అనే దారి లేదు. నాకు తెలుసు. నాకు చూపించారు.